హనుమకొండలో అంతర్జాతీయ శిక్షణ శిబిరం: వేదిక కంటే మైక్రోస్కోపు బల్లే మేలు

ఉత్తర తెలంగాణ వైద్య కళాశాలల్లో మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల వారి కోసం ఒక విదేశీ శాస్త్ర సంఘం ఇక్కడి సంస్థతో కలిసి హనుమకొండలో సాంక్రమిక వ్యాధుల పరిశోధనపై సమావేశం, దానికి అనుబంధంగా శిక్షణ శిబిరం నిర్వహించింది. రుసుము చెల్లించి రెండింటికీ హాజరయ్యాను. ఇలాంటి వాటికి మనవాళ్లు సాధారణంగా హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లాలి. విదేశాల్లో జరిగితే వీసా, విమాన ఛార్జీల దగ్గరే ఆశ వదులుకోవాలి. వరంగల్‌ దాకా వచ్చిన ఈ అవకాశం మళ్లీ వస్తే సెలవు పెట్టి వెళ్లదగినదేనా అని అడుగుతున్న సహోద్యోగుల కోసం ఈ సమీక్ష.

శిబిరంలో అన్నిటికంటే విలువైనది మలేరియా స్లైడ్ల తరగతి. ఏటూరునాగారం, వెంకటాపురం వైపు ఏజెన్సీ గ్రామాల జ్వరాలు చూసే మనకు రక్తపు పూత (స్లైడు మీద పరిచిన రక్తపు పొర) చదవడం కొత్తేమీ కాదు. అయితే చాలా ల్యాబుల్లో పరాన్నజీవుల సంఖ్యను ఒక ప్లస్, రెండు ప్లస్‌లు అని రాసి వదిలేస్తారు. చికిత్స మొదలుపెట్టడానికి అది చాలవచ్చు గాని, మందు ఎంత వేగంగా పనిచేస్తోందో పరిశోధనలో చూపడానికి పనికిరాదు. శిక్షకురాలు మందపు పూతలో (రక్తాన్ని దట్టంగా పరిచిన స్లైడులో) 200 తెల్ల రక్తకణాలు లెక్కించేలోపు కనబడిన పరాన్నజీవులన్నిటినీ మా చేత లెక్కపెట్టించారు. అవి వందకు చేరకపోతే 500 కణాల దాకా కొనసాగించమన్నారు. వచ్చిన సంఖ్యను, మైక్రోలీటరు రక్తంలో 8,000 తెల్లకణాలుంటాయన్న అంచనాతో గుణించి, లెక్కించిన తెల్లకణాలతో భాగిస్తే సాంద్రత తేలుతుంది. ఒకే స్లైడును ఇద్దరు విడివిడిగా చదవాలి, తేడా 25 శాతం మించితే మూడోవారు చదవాలి అన్న నియమం వినడానికి మామూలుగానే ఉంటుంది. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు అనుభవజ్ఞుల లెక్కలు ఎంత దూరంగా వచ్చాయో చూశాక ఆ నియమం ఎందుకో ఎవరికీ వివరించనక్కర లేకపోయింది.

పరాన్నజీవులు కనబడేలా పూతకు వేసే గీమ్సా రంగు కలిపే నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7.2 ఉండాలని పరీక్షల కోసం అందరం చదివినదే. ఆవిడ వైవాక్స్ రకం మలేరియా ఉన్న ఒక పూతకు బఫర్ నీటితోనూ (పీహెచ్ మారకుండా నిలిపే నీరు), మరొకదానికి ఆమ్లత్వం ఎక్కువైన నీటితోనూ రంగు వేయించి పక్కపక్కన పెట్టారు. మొదటిదానిలో షఫ్నర్ చుక్కలు (వైవాక్స్ సోకిన ఎర్రకణాల్లో కనబడే సన్నని చుక్కలు) చక్కగా కనబడ్డాయి, రెండోదానిలో వాటి జాడ లేదు. ఈ ఒక్క పూటకే రుసుము గిట్టిందని నా అభిప్రాయం.

వేదిక మీది ప్రసంగాల గురించి అంతగా చెప్పలేను. జన్యుక్రమ విశ్లేషణపై రెండు ప్రసంగాలు అందంగా సాగాయి గాని, ఆ యంత్రం లేని జిల్లా ల్యాబు నుంచి వచ్చినవారు దానితో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ప్రతి విదేశీ వక్తా 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన సంగతితోనే మొదలుపెట్టారు. ఆ రాస్‌కు లండన్‌లోని పాట్రిక్ మాన్సన్ ఏళ్ల తరబడి ఉత్తరాల ద్వారా దారి చూపిన విషయం మాత్రం ఎవరి నోటా రాలేదు. శిక్షణ శిబిరంలో చెప్పుకోవలసింది నిజానికి అదే.

ఎందుకంటే శిబిరం ముగిశాక ఏం జరుగుతుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేంద్రంగా ఉష్ణమండల వ్యాధుల పరిశోధన కార్యక్రమం టీడీఆర్ సమన్వయం చేస్తున్న, 2009లో మొదలైన సార్ట్ ఇట్ అనే పరిశోధన శిక్షణలో ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక), సమాచార విశ్లేషణ, వ్యాస రచన దశలవారీగా సాగుతాయి. గడువులోగా ఒక దశ పూర్తిచేయనివారిని తరువాతి దశకు పంపరు, వ్యాసం జర్నల్‌కు సమర్పించేదాకా కోర్సు పూర్తయినట్టు కాదు. ఇక్కడ మాత్రం చివరి రోజు గ్రూప్ ఫొటోతో పాటే సర్టిఫికెట్లు చేతికిచ్చేశారు. ఆ తరువాత మార్గదర్శకులతో వీడియో సంప్రదింపులు ఉంటాయన్నారు, నాకు కేటాయించిన ఆయన మాట నిలబెట్టుకున్నారు. స్క్రబ్ టైఫస్‌ (నల్లి జాతి పురుగుల ద్వారా సోకే జ్వరం) పై నా ప్రోటోకాల్ చూసి, ఐజీఎం ఎలైజా అనే యాంటీబాడీ పరీక్షకు కటాఫ్‌ను (పాజిటివ్ అనడానికి హద్దు) ఈ ప్రాంతపు ఆరోగ్యవంతుల సీరంతో నిర్ణయించారా, కిట్ డబ్బా మీదిది అలాగే వాడుతున్నారా అని అడిగారు. మొత్తం పద్ధతి తిరిగి రాయవలసి వచ్చింది. నా తోటివారిలో కొందరికి మాత్రం తమ మార్గదర్శకుల నుంచి ఒక్క జవాబూ రాలేదు. ఇది అదృష్టం మీద వదిలేయదగిన విషయం కాదు.

పెద్ద లోపం మరొకటి ఉంది. నమూనాలు తమ ల్యాబుకు పంపితే పరీక్షించి పెడతామని ఒక వక్త ఉదారంగా ప్రకటించారు, సభ చప్పట్లు కొట్టింది. విదేశీ భాగస్వామ్యంతో చేసే వైద్య పరిశోధనకు మన దేశంలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలని, దానికి ముందు సంస్థలోని నైతిక కమిటీ అనుమతి ఉండాలని నిర్వాహకులలో ఒక్కరూ గుర్తుచేయలేదు. కొత్తగా పెట్టిన జిల్లా కళాశాలల వారికి అన్నిటికంటే ముందు తెలియవలసినవి ఈ కాగితాలే.

భోజనం, వసతి విషయంలో లోటు లేదు. పరిశోధన సమాచారం నమోదు చేసే ఎపిడేటా సాఫ్ట్‌వేర్ తరగతికి ల్యాప్‌టాప్ తప్పనిసరి అని ముందే చెప్పకపోవడంతో సగంమంది పక్కవారి తెర చూస్తూ కూర్చున్నారు. పీజీ విద్యార్థులు, యువ అధ్యాపకులు నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. స్లైడ్ల తరగతి ఉందో లేదో, మార్గదర్శకుడు ఎవరో కనుక్కుని మరీ డబ్బు కట్టండి. ప్రతిరోజూ స్లైడ్లు చదివే ల్యాబ్ టెక్నీషియన్లకు ఈసారి ప్రవేశమే లేదు. వారికి రాయితీతో కొన్ని సీట్లు కేటాయించాలని అభిప్రాయ పత్రంలో రాసి ఇచ్చాను.