నామవాచకం పక్కన ఉండే ఒక్క అక్షరం: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ

ఇంగ్లీషులో ఏ నామవాచకం లెక్కకు వస్తుందో, అంటే ఒకటి, రెండు అని లెక్కించగలమో, ఏది రాదో తెలుసుకోవడానికి జాబితాలు బట్టీ పట్టేవారు ఆ శ్రమ మాని, ఈ నిఘంటువును చేతికి అందేటట్టు పెట్టుకోవడం మేలు. దీని తొలి రూపాన్ని ఎ.ఎస్. హార్న్‌బీ తన ఇద్దరు సహచరులతో కలిసి జపాన్‌లో ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం తయారుచేయగా, అది 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా మారింది. మాతృభాషగా ఇంగ్లీషు లేనివారికి ఎక్కడ సందేహం కలుగుతుందో ఎరిగి కూర్చిన పుస్తకమని 2020 నాటి పదవ కూర్పులోనూ స్పష్టంగా తెలుస్తుంది.

లెక్కకు వచ్చే నామవాచకానికి ‘సి’ (కౌంటబుల్) అని, రానిదానికి ‘యు’ (అన్‌కౌంటబుల్) అని ఇందులో గుర్తులుంటాయి. అయితే ఆ గుర్తును పదం మొత్తానికి కాక, ఒక్కొక్క అర్థానికీ విడిగా ఇవ్వడమే దీని అసలు గొప్పతనం. ‘ఎక్స్‌పీరియన్స్’ అంటే పని చేయగా వచ్చిన నేర్పు అయినప్పుడు అది లెక్కకు రాదు, మనకు ఎదురైన ఒక సంఘటన అయినప్పుడు వస్తుంది; ‘పేపర్’ అంటే కాగితమనే పదార్థమైతే ‘యు’, వార్తాపత్రికో ప్రశ్నపత్రమో అయితే ‘సి’. కాబట్టి ఉద్యోగ దరఖాస్తులో ‘ఎక్స్‌పీరియన్సెస్’ అని రాయబోయేవారు ఆ ఒక్క పేజీ తిరగేస్తే చాలు. పదాలను రెండు గదుల్లో వేసి తాళం పెట్టే పాఠ్యపుస్తకాలు ఈ సంగతి దాదాపు చెప్పవు.

తెలుగువారికి ఈ గుర్తుల అవసరం మరింత ఎక్కువ. పాలు, నీళ్లు మనకు నిత్య బహువచనాలు కాగా, ఇంగ్లీషులో ‘మిల్క్’, ‘వాటర్’ ఏకవచన క్రియనే తీసుకుంటాయి. మనం నిరభ్యంతరంగా ఇచ్చే సలహాలు అక్కడ ‘అడ్వైస్’గానే మిగిలిపోతాయి. చివర ‘ఎస్’ ఉన్న ‘న్యూస్’ కూడా ఏకవచనమే.

లోపాలు లేకపోలేదు. ఒక సలహాను లెక్కించి చెప్పాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలన్న ముఖ్యమైన విషయం, గుర్తు పక్కనే ఉండవలసింది పోయి, ఉదాహరణల నడుమ వెతుక్కోవలసిన చోట ఉంటుంది. ఫలానా పదం లెక్కకు ఎందుకు రాదో కూడా ఇది వివరించదు. ‘ఫర్నిచర్’ రాదు, ‘చెయిర్’ వస్తుంది, అంతే. ఆ వివరణకు వ్యాకరణ గ్రంథం తెరవక తప్పదు.

ఉచితంగా లభించే వెబ్‌సైటులో ఈ గుర్తులను అక్షరాలుగా కాక పూర్తి పదాలుగా రాశారు కనుక, అప్పుడప్పుడు ఒక పదాన్ని సరిచూసుకునేవారికి అదే సరిపోతుంది. అచ్చు పుస్తకం రోజూ ఇంగ్లీషులో రాయవలసినవారికీ, ఉపాధ్యాయులకూ తగినది. అర్థాలన్నీ ఇంగ్లీషులోనే, సులభమైన మాటల్లోనే అయినా, ఉంటాయి గనుక అప్పుడే వాక్యాలు కూర్చడం మొదలుపెట్టినవారు కొంతకాలం ఆగి కొనడం మంచిది.