రికార్డింగ్ కంప్యూటర్‌కు ఒకే పెద్ద డిస్క్ మేలా, రెండు చిన్నవి మేలా?

పోయిన వారం కొర్లగుంట నుంచి ఒక సంగీతం మాస్టారు ఫోన్ చేశారు. ఇంట్లో ఒక గదికి గోడల నిండా దుప్పట్లు కట్టి, తన దగ్గర నేర్చుకునే పిల్లల కీర్తనలు రికార్డ్ చేయడానికి ఏర్పాట్లు చేసుకుంటున్నారు. "2 టీబీ డిస్క్ ఒకటి కొని అన్నీ అందులోనే వేసుకుంటే సరిపోదా సార్? రెండు, మూడు అని ఖర్చెందుకు?" అని అడిగారు. తిరుపతిలో ఇలా ఇంట్లోనే రికార్డింగ్ మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి వచ్చే సందేహమే ఇది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో ఒక మోనో ట్రాక్ (అంటే ఒక మైకు శబ్దం) నిమిషానికి 8.64 ఎంబీ తీసుకుంటుంది. గాత్రం, వయొలిన్, మృదంగానికి రెండు మైకులు, కంజీర, తాళం, కోరస్ అన్నీ కలిపి 12 ట్రాకులు ఒకేసారి రికార్డ్ చేసినా సెకనుకు 2 ఎంబీ దాటదు. గంటకు 6 జీబీ పైచిలుకు. పాత 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 సార్లు తిరిగే) హార్డ్ డిస్క్ కూడా వరుసగా రాసుకుంటూ పోతే సెకనుకు 100 ఎంబీ దాకా రాయగలదు. అంటే మన పనికి కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా పాట మధ్యలో రికార్డింగ్ ఆగిపోతోందంటే, ఒకే డిస్క్ మీద నాలుగు పనులు పడుతున్నాయేమో ముందు చూడాలి.

హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద చదవడానికీ రాయడానికీ హెడ్ అనే చిన్న భాగం అటూ ఇటూ జరగాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్లి, పళ్లెం తిరిగి ఆ భాగం కిందికి వచ్చేసరికి 10 మిల్లీసెకన్లు దాటుతుంది. విండోస్ అప్‌డేట్ ఒక పక్క, యాంటీవైరస్ ఒక పక్క, శాంపిల్ తంబూర (ముందే రికార్డ్ చేసిన శబ్దాలతో కంప్యూటర్‌లో మోగే తంబూర) ఇంకో పక్క లాగుతుంటే ఆ హెడ్ తిరగడంతోనే సరిపోతుంది, రాసే టైమ్ మిగలదు. అందుకే ఒకే హార్డ్ డిస్క్‌లో అన్నీ పెట్టడం నాసిరకం ఏర్పాటు.

దాన్నే సీ, డీ డ్రైవ్‌లుగా విడగొడితే? ఇది ఇంకా ప్రమాదం అంటాను. పేర్లు రెండైనా లోపల ఉన్నది ఒకే డిస్క్, అదే హెడ్. పైగా ఈ భాగం నుంచి ఆ భాగానికి ఇంకా దూరం పరిగెత్తాలి. అంతకంటే పెద్ద నష్టం నాకే జరిగింది. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన చెప్పిన హరికథను రెండు రాత్రులు కూర్చుని రికార్డ్ చేశాను. సీలో అసలు, డీలో కాపీ. రెండు చోట్ల ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక డిస్క్ టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. సీతో పాటే డీ కూడా పోయింది. ఆయన మళ్లీ వచ్చి చెప్పే ఓపికలో లేరు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇక ఆ ఒకే డిస్క్ ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో దాచుకునే డిస్క్) అయితే సంగతి వేరు. అందులో తిరిగే పళ్లెం లేదు, హెడ్ లేదు. నాలుగు పనులు ఒకేసారి అడిగినా తట్టుకుంటుంది. కాబట్టి వేగం ఒక్కటే చూస్తే ఒకే పెద్ద ఎస్‌ఎస్‌డీ చాలు, ఇందులో మొహమాటం లేదు. అయినా నేను రెండు చిన్నవే కొనమంటాను. విండోస్ చెడి మళ్లీ వేయాల్సి వచ్చిన రోజున రికార్డింగులు వేరే డిస్క్‌లో ఉంటే టెన్షన్ ఉండదు. కంప్యూటరే మొరాయిస్తే ఆ డిస్క్ ఊడదీసి ఇంకో దానికి పెట్టి సాయంత్రానికి పని పూర్తి చేయొచ్చు. టేకుల మీద టేకులు చేరి డిస్క్ నిండిపోయినా విండోస్‌కు ఊపిరాడని పరిస్థితి రాదు. ఎస్‌ఎస్‌డీని అంచుల దాకా నింపితే నెమ్మదిస్తుంది. ఐదో వంతు ఖాళీగా ఉంచడం మంచిది.

బడ్జెట్ తక్కువైతే విండోస్‌కు, సాఫ్ట్‌వేర్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ, రికార్డింగుకు ఇంట్లో ఉన్న పాత హార్డ్ డిస్క్. పై లెక్క ప్రకారం ఇది చాలు. దీనితో చిక్కల్లా చప్పుడు. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 సార్లు తిరగడం. ఆ 120 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం మగ గొంతు మంద్ర స్థాయిలోకే వచ్చి పడుతుంది. మనం టేక్ తీసేటప్పుడు ఏసీ, ఫ్యాన్ రెండూ ఆపేస్తాం కదా, అప్పుడు కండెన్సర్ మైక్‌కు అది స్పష్టంగా వినపడుతుంది. సీపీయూను పక్క గదిలో పెట్టగలిగితే పాత డిస్క్ వాడుకోండి. అదే గదిలో పెట్టక తప్పదంటే రెండోది కూడా ఎస్‌ఎస్‌డీనే మేలు.

శాంపిల్ వాద్యాలు ఎక్కువగా వాడేవాళ్లయితే ఆ లైబ్రరీలు మాత్రం ఎస్‌ఎస్‌డీలోనే ఉండాలి. అవి వేల చిన్న ముక్కలు, అక్కడక్కడ నుంచి చదవాలి. హార్డ్ డిస్క్‌లో ప్రాజెక్ట్ తెరవడానికి పట్టే నిమిషాలు ఎస్‌ఎస్‌డీలో సెకన్లవుతాయి.

ఎస్‌ఎస్‌డీని కంప్యూటర్‌కు కలిపే పద్ధతులు రెండు: సాటానా, ఎన్‌వీఎంఈనా? ఆడియోకు తేడా పెద్దగా తెలియదు, ఏది తక్కువకు దొరికితే అది. ఇంకో మాట: హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వినపడుతోందని ఎస్‌ఎస్‌డీ కొనేవాళ్లున్నారు. ఆ ఆలస్యం డిస్క్‌ది కాదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజ్ (శబ్దాన్ని ఎంతెంత ముక్కలుగా పోగుచేసి పంపాలన్న సెట్టింగ్), మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ డ్రైవర్ చూసుకోవాలి.

రెండు డిస్క్‌లను రెయిడ్ 0గా (ప్రతి ఫైల్‌నూ రెండింటికీ ముక్కలుగా పంచేలా) కలిపేయడం వద్దు. ఒకటి పోతే రెండింటిలోనిదీ పోతుంది. రెండింటిలోనూ ఒకేలా రాసే రెయిడ్ 1 కొంత నయం, కానీ పొరపాటున డిలీట్ చేసిన పాట రెండింటిలోనూ అదే క్షణంలో డిలీట్ అవుతుంది. అది బ్యాకప్ కాదు.

బ్యాకప్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దని మాస్టారికి గట్టిగానే చెప్పాను. మూడు కాపీలు, రెండు రకాల డిస్క్‌లు, ఒకటి ఇంటి బయట. ఈ పనికి పోర్టబుల్ హార్డ్ డిస్క్ చక్కగా సరిపోతుంది. నేరుగా దాని మీద రికార్డ్ చేయొద్దు. వాటిలో కొన్ని కాసేపు రాశాక బాగా నెమ్మదిస్తాయి, యూఎస్‌బీ కేబుల్ కాస్త కదిలితే టేక్ పోతుంది. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో దాచడం కూడా నమ్మదగింది కాదు, అందులోనూ మన ఎండలకు.

చివరికి మాస్టారు తేల్చుకున్నది ఇది: విండోస్‌కు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, రికార్డింగుకు, శాంపిల్స్‌కు 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, పాత హార్డ్ డిస్క్ ఇంట్లో బ్యాకప్‌కు, పోర్టబుల్ ఒకటి రేణిగుంటలో వాళ్ల అక్క ఇంట్లో. మిగిలిన డబ్బుతో చిన్న యూపీఎస్ తీసుకోమన్నాను. ప్రతి ఆదివారం అక్కను చూడడానికి ఎలాగూ వెళ్తారు కాబట్టి, వారం రికార్డింగులు ఆ రోజే పోర్టబుల్‌లోకి ఎక్కించి, ఒక పాట తెరిచి విని వస్తానన్నారు.