కొమోడోకి డైవింగ్‌కి వెళ్తున్నారా? ముందు తిథి చూసుకోండి

ఇండోనేషియాలో లబువాన్ బాజో అనే ఊళ్లో ఒక డైవింగ్ షాపు మాకు 55 లక్షల రుపియాలు ఎగ్గొట్టింది. అంకె చూసి కంగారు పడకండి, మన డబ్బుల్లో దాదాపు 29,700 రూపాయలు. మాకు అది కూడా చిన్న మొత్తం కాదు. పైగా ఆ షాపువాళ్ల నిర్లక్ష్యం వల్ల మా తమ్ముడి ప్రాణం మీదికి వచ్చింది. కొమోడో దీవులకి స్కూబా డైవింగ్‌కి వెళ్దామనుకునే మనవాళ్లు ఇంకెవరూ ఇలా చిక్కుకోకూడదని వివరంగా రాస్తున్నాను.

వెళ్లింది ముగ్గురం. నేను, మావారు, మా తమ్ముడు. ముగ్గురం అండమాన్‌లోని హేవ్‌లాక్‌లోనే (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) డైవింగ్ నేర్చుకున్నాం. నాకు 38 డైవ్‌ల అనుభవం ఉంది, అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా చేశాను. మావారివి 12 డైవ్‌లు. తమ్ముడు కొత్త, ఆరంటే ఆరే.

మొదట చూసిన టికెట్లు అష్టమి నాటివి. "అష్టమి పూట ఊరు కదలొద్దే" అంది అమ్మ. దూరప్రయాణం కదా, ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకని ప్రయాణం వారం తర్వాతకి మార్చుకున్నాం. అలా మా మొదటి డైవ్ సరిగ్గా వైశాఖ పౌర్ణమి మర్నాడు పడింది. దాని అర్థమేమిటో అప్పుడు మాకు తెలీదు. తెలిసి చెప్పాల్సిన షాపువాళ్లు మెయిల్లో అడ్వాన్స్ ఎప్పుడు పంపుతున్నారని తప్ప ఇంకేమీ అడగలేదు.

ఆ అర్థం ఇది. పౌర్ణమికి, అమావాస్యకి సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి లాగుతాయి కాబట్టి ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి. ఆ జోరు ఒకటి రెండు రోజుల తర్వాత ఇంకా పెరుగుతుంది. అష్టమికి రెండూ చెరో దిక్కున లాగుతాయి, సముద్రం కాస్త నెమ్మదిస్తుంది. వైజాగ్ ఒడ్డున ఏ జాలరిని అడిగినా చెప్తాడు. కొమోడోలో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. పసిఫిక్ వైపు నీటిమట్టం హిందూ మహాసముద్రం వైపు కంటే ఎక్కువ. ఆ నీరంతా ఇండోనేషియా దీవుల సందుల్లోంచి ఇటు పారుతూనే ఉంటుంది. సుంబావా, ఫ్లోరెస్ దీవుల మధ్య ఇరుకులో కొమోడో, రించా, పడార్ ఉన్నాయి. పోటు, పారుదల రెండూ కలిస్తే అక్కడి సముద్రం గోదావరి వరదలా ఉరుకుతుంది. అంత ఆహారం మోసుకొచ్చే ప్రవాహం కాబట్టే అక్కడ అన్ని చేపలు, అన్ని పగడాలు. 1980లో జాతీయ పార్కు చేశారు, 1991లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అంటే మనం చూడ్డానికి వెళ్లే అందానికి కారణం ఆ ప్రవాహమే. దాన్ని తప్పించుకోలేం, టైము చూసుకుని దిగాలంతే.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా బాలికి రానూపోనూ మనిషికి 31,400. బాలి నుంచి లబువాన్ బాజోకి ఇంకో విమానం, గంటంపావు ప్రయాణం, రానూపోనూ 11,200. దిగాక వీసాకి 5 లక్షల రుపియాలు, బాలి పర్యాటక రుసుము లక్షన్నర, రెండూ కలిపి సుమారు 3,500 రూపాయలు. గదులు కొండమీద, ఒక్కోటి రోజుకి 3,100, శుభ్రంగా ఉన్నాయి. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

మేం బుక్ చేసిన షాపు ధర రోజుకి మూడు డైవ్‌లకి మనిషికి 12,50,000 రుపియాలు. మిగతావాళ్లు 18 లక్షల పైన చెప్తుంటే ఇది చౌక అనిపించింది. ముగ్గురికి మూడు రోజులకి 1,12,50,000 రుపియాలు ముందురోజు సాయంత్రమే కట్టించుకున్నారు. మేం చేసిన డైవ్‌లన్నీ రాసుకునే లాగ్‌బుక్ చూడలేదు. "సర్టిఫికెట్ ఉందిగా" అన్నారు. నాలుగు పేజీల కాగితం మీద సంతకాలు మాత్రం జాగ్రత్తగా పెట్టించుకున్నారు.

పొద్దున పడవలో తొమ్మిది మందిమి, గైడ్‌లు ఇద్దరు. మొదటి డైవే బటు బొలొంగ్. బటు అంటే రాయి, బొలొంగ్ అంటే చిల్లు. పైకి చూస్తే నీళ్లలోంచి తల బయటపెట్టిన చిన్న రాయి, కింద మాత్రం నిలువు గోడలా పాతాళానికి దిగిపోతుంది. ప్రవాహం ఆ రాయికి తగిలి రెండుగా చీలి రెండు పక్కల నుంచీ పోతుంది. రాయి వెనకాల నీడలాగా కొంత చోటు నెమ్మదిగా ఉంటుంది. ఆ నీడ దాటకుండా అటూ ఇటూ తిరుగుతూ పైకి రావాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాకు చెప్పింది నాలుగు నిమిషాలు: "గోడ ఎడమ పక్కన ఉంటుంది, నా వెనకే రండి."

దిగగానే ఆ అందం చూసి నోట మాట రాలేదు. గోడ మొత్తం నారింజ రంగు బుల్లి చేపలు, వేలకి వేలు. అన్నీ ఒకే వైపు తలలు పెట్టి, ఉన్నచోటే ఉండి ఈదుతున్నాయి. పది నిమిషాలు అలా గడిచాయి. గైడ్ మిగతావాళ్లతో ముందుకి వెళ్లిపోయాడు. ఉన్నట్టుండి ఆ చేపలన్నీ గోడకి అతుక్కుపోయి తలలు పైకి పెట్టాయి. తమ్ముడు నాకు రెండు బారల దూరంలో గోడ మూలకి చేరాడు. వాడి బుడగలు పైకి వెళ్లడం లేదు. పక్కకి జరిగి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగిపోతున్నాయి. వాడు కాళ్లు గట్టిగా కొడుతున్నాడు, అయినా కిందికే పోతున్నాడు. లోతు చూపించే నా డైవ్ కంప్యూటర్లో 17 మీటర్లు. వాణ్ణి పట్టుకునేసరికి 26.

హేవ్‌లాక్‌లో మా టీచర్ ఒకటికి పదిసార్లు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. కిందికి లాగే నీరు గోడని అంటిపెట్టుకుని ఉంటుంది, దానికి ఎదురు ఈదితే గాలి అయిపోతుంది, గోడని వదిలి అడ్డంగా బయటికి ఈదండి అని. తమ్ముడి డైవింగ్ జాకెట్ (గాలి నింపితే తేలుస్తుంది) పట్టీ పట్టుకుని, మావారికి చెయ్యి చూపించి, నీలం నీళ్లలోకి ఈదాం. జాకెట్లలో కాస్త గాలి వేశాం. లాగుడు వదలగానే అదే గాలి ఉబ్బి మమ్మల్ని పైకి విసరబోయింది. వాడి జాకెట్లోది కూడా నేనే వదిలించాను. పైకి వచ్చేముందు జాగ్రత్త కోసం ఆగాలి కాబట్టి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఒకరి చేతులొకరం పట్టుకుని ఆగాం. ఆ మూడు నిమిషాలూ తమ్ముడు నా మొహం మీంచి చూపు తిప్పలేదు.

పైకి వస్తే మా పడవ రాయికి అవతల చీమంత కనిపించింది. మా వైపు చూసేవాళ్లే లేరు. మడత విప్పి గాలి ఊదితే మనిషంత ఎత్తు నిలబడే నారింజ రంగు గొట్టం ఒకటి ఉంటుంది, ఎస్‌ఎమ్‌బీ అంటారు. అది గైడ్ దగ్గర తప్ప ఎవరికీ ఇవ్వలేదు. 35 నిమిషాలు తేలుతూ కొట్టుకుపోయాం. మావారు ఈతకి కాలికి తొడుక్కునే పసుపు రంగు ఫిన్ ఊడదీసి పైకెత్తి ఊపుతూ ఉంటే, చివరికి వేరే షాపు పడవవాళ్లు చూసి వచ్చి ఎక్కించుకున్నారు.

సాయంత్రం మా షాపుకి వెళ్లి అడిగితే యజమాని అన్న మాట: "కొమోడో ఇలాగే ఉంటుంది, మీరు సంతకం పెట్టారు." మిగిలిన రెండు రోజులకి కట్టిన 75 లక్షల్లో 20 లక్షలు చేతిలో పెట్టాడు. మిగతాది రద్దు రుసుమట. ఆ మాట వాళ్ల మెయిళ్లలో ఎక్కడా లేదు. ముందే చెప్పిన 55 లక్షలు అలా పోయాయి. మావారు ఆ రాత్రంతా మాట్లాడలేదు, అన్నం కూడా తినలేదు. పొద్దున్నే "బాలి వెళ్లిపోదాం, ఇంక నీళ్లలో దిగేది లేదు" అన్నారు. ఆయన కోపం నామీద కూడా ఉంది, ఆ షాపు ఎంచింది నేనే. తమ్ముడే సర్దిచెప్పాడు: "బావా, నన్ను ఎక్కించుకున్న పడవవాళ్లని ఒక్కసారి కలిసి వద్దాం. థాంక్స్ చెప్పాలి కదా."

అలా వెళ్లిన రెండో షాపు గురించి ఎంత చెప్పినా తక్కువే. ధర రోజుకి మనిషికి 18,50,000, అంటే పది వేల రూపాయలు. గోడ మీద నల్లబల్ల, దానిమీద ఆ వారం పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు, మధ్యలో నీరు నిలకడగా ఉండేది ఎంతసేపు అని గంటల లెక్కన సుద్దముక్కతో రాసి ఉంది. లాగ్‌బుక్‌లు మూడూ తిరగేశారు. "చివరిసారి దిగింది ఎప్పుడు? బుడగలు కిందికి పోతే ఏం చేస్తావు?" అని తమ్ముణ్ణి అడిగారు. వాడు జవాబు చెప్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముగ్గురికీ తలో ఎస్‌ఎమ్‌బీ ఇచ్చి, జెట్టీ దగ్గర నీళ్లలో నాలుగేసి సార్లు విప్పించారు. మా ముగ్గురికి ఒక గైడ్. మావారు ఒప్పుకున్నారు.

మొదటి రోజు సియాబా బెసార్. నీరు నెమ్మదిగా ఉండే చోటు, అడుగడుక్కీ తాబేళ్లు. అక్కడ మా ఈత చూశాకే రెండో రోజు మాంటాల (రెక్కల్లా చాపుకుని ఈదే పెద్ద చేపలు) కోసం కరాంగ్ మకాసర్ తీసుకెళ్లారు. అక్కడ ప్రవాహం ఉంది, కానీ లోతు తక్కువ, నీరే మనల్ని మోసుకెళ్తుంది. మంచం దుప్పటి కంటే పెద్ద మాంటా ఒకటి మా తమ్ముడి తల మీదుగా, వాడి బుడగల్లో పొట్ట తడుపుకుంటూ వెళ్లింది.

మూడో రోజు మళ్లీ బటు బొలొంగ్. వెళ్దామా అని ముందు మమ్మల్నే అడిగారు. "నేనొస్తాను" అని మొదట అన్నది మావారే. పడవ రాయికి దూరంగా ఆపి గైడ్ చాలాసేపు నీటి పైభాగం చూస్తూ కూచున్నాడు. సుడులు తిరిగే చోటు, నూనె పోసినట్టు నున్నగా కనిపించే చోటు వేలితో చూపించాడు. తర్వాత తనొక్కడే నీళ్లలో దూకి, కిందికి చూసి, తల అడ్డంగా ఊపి పైకొచ్చాడు. ఇంకో ఇరవై నిమిషాలు ఆగాం. మళ్లీ దూకి చూసి అప్పుడు రమ్మన్నాడు. అదే గోడ, అవే నారింజ చేపలు. ఈసారి అన్ని వైపులకీ తిరిగి, తోచినట్టు ఈదుతున్నాయి.

ఆ పడవ మీద తిన్న భోజనం గురించి చెప్పకపోతే పాపం. ఇకాన్ కువా ఆసాం అని చేపల పులుసు పెట్టారు. పసుపు, టమాటా, పచ్చిమిర్చి, చింతపండు పులుపు, పైన నిమ్మ వాసన వేసే తులసి లాంటి ఆకు. మన పులుసంత చిక్కగా ఉండదు, చారులా పల్చగా ఉంటుంది. రెండు రోజులు సరిగ్గా తినని మావారు మూడుసార్లు వడ్డించుకున్నారు. వంటాయనకి తెలుగులోనే "చాలా బాగుంది" అని చెప్తే ఆయనకి అర్థమైపోయింది.

వెళ్లేవాళ్లకి నా మాట. అష్టమి నుంచి ఏకాదశి మధ్య డైవ్‌లు పడేలా చూసుకోండి. అష్టమినాడు ఇల్లు కదలడం పెద్దవాళ్లకి ఇష్టం లేకపోతే సప్తమికే బయల్దేరండి, వారం జరపకండి. ముప్పై డైవ్‌లైనా చేయకుండా అక్కడికి వెళ్లకండి. మా తమ్ముణ్ణి తీసుకెళ్లడం నా తప్పే. షాపుకి రాసేటప్పుడు ఒక్కో గైడ్‌కి ఎంతమంది, ఎస్‌ఎమ్‌బీ అందరికీ ఇస్తారా, మా తేదీల్లో నీళ్లెలా ఉంటాయి, పార్కు రుసుములు ధరలో కలిసి ఉన్నాయా, రద్దు చేస్తే ఎంత తిరిగి ఇస్తారు అని అడగండి. మీ అనుభవం గురించి తిరిగి మిమ్మల్ని అడగని షాపుకి డబ్బు కట్టొద్దు, ఎంత చౌక అయినా సరే. ఇన్సూరెన్స్ పాలసీలో స్కూబా అన్న మాట, ఎంత లోతు వరకూ అన్న అంకె రెండూ చదవండి. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి. మేం ఆ ఖాళీ రోజు రించాలో కొమోడో డ్రాగన్లని (ఉడుము జాతి పెద్ద బల్లులు) చూసి వచ్చాం.

ముగ్గురికీ మొత్తం ఖర్చు 3,42,000 రూపాయలు, పోయిన 29,700తో కలిపి.

విమానం ఎక్కేముందు ఎయిర్‌పోర్టులో తమ్ముడు లాగ్‌బుక్ పూర్తి చేస్తున్నాడు. బటు బొలొంగ్, రెండోసారి. లోతు 21 మీటర్లు, 48 నిమిషాలు. వాతావరణం అని ఉన్నచోట ఎండ అని రాసి, ఫోన్లో క్యాలెండర్ తీసి చూసి, పక్కనే "వైశాఖ బహుళ పంచమి" అని చేర్చాడు.