కాలిబ్రేటర్ రెండున్నరేళ్ళు వాడాక చెప్తున్నా, ఆ పచ్చ టిక్కుని నమ్మకండి

చెన్నై టీనగర్ పట్టుచీరల షాపులకి ఫొటోలు రీటచ్ చేసిస్తుంటా, అందుకే కొన్నా ఈ కాలిబ్రేటర్‌ని, మానిటర్ రంగులు కొలిచి సరిచేసే పరికరం ఇది. స్క్రీన్‌కి తగిలించడం, ప్రొఫైల్ సేవ్ అవడం అన్నీ మామూలే, వాటి జోలికి పోను. నా కోపమంతా చివర్లో వచ్చే వెరిఫై రిపోర్ట్ మీదే.

కాలిబ్రేట్ చేశాక రంగులు కరెక్టేనా అని చెక్ చేస్తే యావరేజ్ డెల్టా ఈ (రావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ తేడా) 0.6, పక్కనే పచ్చ టిక్కు. 1 లోపు తేడా కంటికి ఆనదంటారు కదా, కొత్తలో ఎవరడిగినా కళ్ళు మూసుకుని కొనేయమన్నా.

పోయిన ఆడి (తమిళ ఆషాఢం) సేల్‌కి ముందు మానిటర్ మార్చా, వైడ్ గ్యామట్‌ది, అంటే మామూలు వాటికంటే ఎక్కువ రంగులు చూపించేది. మళ్ళీ కాలిబ్రేట్ చేశా, మళ్ళీ అదే టిక్కు. పది రోజులకి షాపాయన ఫోన్, ఆయనదీ మా నెల్లూరే, "ఏంది తమ్ముడూ, గంధం రంగు చీర ఇస్తే పసుపు చేసి పెట్టావు, కస్టమర్ తిప్పి పంపేసింది" అని. చీర తెప్పించి స్క్రీన్ పక్కన పట్టుకుని చూస్తే సరిగ్గానే ఉంది, నా ఫోన్లో మా ఆవిడ ఫోన్లో మాత్రం పసుపే! రెండు రాత్రులు నిద్ర లేదు నాకు.

రాయపేటలో ప్రెస్‌లో పనిచేసే ఫ్రెండ్ స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగుని ఇంకా కచ్చితంగా కొలిచే పరికరం) తెస్తే తేలింది, 6500 కెల్విన్ అనుకున్న తెలుపు 7100 దగ్గరుంది, అంటే స్క్రీనే నీలంగా ఉంది, అది తెలీక నేను ప్రతి ఫొటోకీ పసుపు కలుపుతూ పోయా. ఈ కాలిబ్రేటర్లు ఫిల్టర్లతో రంగు చూస్తాయి, బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెనక లైటు) రకాన్ని బట్టి దానికి కరెక్షన్ చెప్పాలి, నా సెట్టింగ్‌లో పాత మానిటర్ తాలూకు వైట్ ఎల్‌ఈడీయే ఉండిపోయింది. సరే అది నా తప్పే, కానీ వెరిఫై ఎందుకు పట్టుకోలేదు? అది చూసేదీ అదే కాలిబ్రేటర్ కంటితో కాబట్టి. తరుగున్న రాయితో తూచి, తూకం సరిపోయిందా అని మళ్ళీ అదే రాయితో చూసుకున్నట్టు. ఆ టిక్కు పక్కన ఈ ఒక్క ముక్క రాసుంటే ఎంత బావుండేది.

తర్వాత డిస్‌ప్లేకాల్ అనే కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో, ఫ్రీనే అది, స్పెక్ట్రోతో పోల్చి ఈ మానిటర్‌కే ఓ కరెక్షన్ చేసుకున్నా, స్క్రీన్‌ని అరగంట వేడెక్కనిచ్చి మళ్ళీ కాలిబ్రేట్ చేస్తే 6550 వచ్చింది, ప్రాణం లేచొచ్చింది.

ఇప్పటికీ ఆ కాలిబ్రేటరే వాడుతున్నా, పాత మానిటర్ మీద నాకెప్పుడూ కంప్లైంట్ రాలేదు, అయితే దాన్ని స్పెక్ట్రోతో చూసుకున్నదీ లేదు. నాకంటే ఫ్రెండ్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది, మీది వైడ్ గ్యామట్ అయ్యి అడిగి తెచ్చుకునే దిక్కు లేకపోతే కొనమని గట్టిగా చెప్పలేను. ఆ సేల్ ఫొటోలన్నీ మళ్ళీ చేసిచ్చా, డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.