హనుమకొండలో గ్రానైట్‌కు సీలర్ పూసే సేవ: ఏ రాయికి అవసరం, ఏ రాయికి దండుగ

మా వంటింటి గట్టుకు సీలర్ వేయించడానికి హనుమకొండలోని ఒక గ్రానైట్ పాలిష్ సంస్థ వారిని పిలిపించాము. గట్టుపై పొయ్యి వైపు కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్ రకం గ్రానైట్ బండ, సింకు వైపు బూడిదరంగు చారలున్న తెల్ల గ్రానైట్ ఉన్నాయి. పనితనం బాగుంది, కాని ఏ రాయి అయినా ఒకే మందు పూసి చదరపు అడుగుల లెక్కన డబ్బు తీసుకునే పద్ధతిని మెచ్చుకోలేను.

సీలర్ పైన పొరలా నిలిచేది కాదు. రాతిలోని సన్నని రంధ్రాల్లోకి దిగి, నీరూ నూనే త్వరగా ఇంకకుండా చూస్తుంది. కనుక నీరు పీల్చని రాయికి దానితో పని లేదు. తుడిచి ఆరబెట్టిన బండ మీద కొన్ని నీటి చుక్కలు వేసి పది పదిహేను నిమిషాలు ఆగితే సంగతి తేలిపోతుంది. చుక్క కింద రంగు ముదిరితే సీలర్ కావాలి, లేకుంటే అక్కరలేదు. మేము అడిగాకే పనివారు ఈ పరీక్ష చేశారు. తెల్లరాయి రంగు ముదిరింది, టాన్ బ్రౌన్‌లో ఏ మార్పూ లేదు. అయినా రెండింటికీ కలిపి ధర చెప్పారు. తెల్లరాయికి మాత్రమే చేయించుకున్నాము.

పసుపు, నూనె మరకలున్న చోట ముందుగా వంటసోడా ముద్ద పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి మరునాటి దాకా వదిలారు. నూనె మరక దాదాపు పోయింది, పసుపు మాత్రం కొంత వెలిసి ఆగిపోయింది. రాయి పూర్తిగా ఆరనిదే సీలర్ వేయబోమని పట్టుబట్టడం నాకు నచ్చింది. పూసిన తరువాత పైన మిగిలిన ద్రవాన్ని ఆరకముందే తుడిచేశారు. ఈ ఒక్క పనిలో అశ్రద్ధ చేస్తే గట్టంతా మసకబారుతుంది.

ఇదే సీలర్‌ను దేవుని అరలోని పాలరాయికి పూస్తే నిమ్మరసం, చింతపండు ఏమీ చేయవని వారు చెప్పిన మాట మాత్రం సరికాదు. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలిన చోట ఆ పదార్థమే కరిగి మెరుపు పోతుంది. అది మరక కాదు, తినివేత. సీలర్ దానిని ఆపలేదు. దానికి మళ్లీ పాలిష్ పట్టించడమే మార్గం. ఇత్తడి కుందులను చింతపండుతో తోమే పని అర మీద పెట్టుకోకపోవడం మేలు.

ఒక రోజు తడి తగలనివ్వవద్దని, ఆపైన అంట్లు తోమే ద్రవం కొద్దిగా కలిపిన నీటితో తుడిస్తే చాలని చెప్పి వెళ్లారు. మరుగుదొడ్డి యాసిడ్ జోలికి పోవద్దన్న హెచ్చరిక కూడా సరైనదే, అది సింకు స్టీలును సైతం పాడుచేస్తుంది. సింకు అంచున సందును మూసే సిలికాన్ ఊడిపోయింది, దాన్ని మార్చడం వారి ధరలో లేదు. నీరు దిగేది ఎక్కువగా ఆ సందులోంచే కనుక, బేరం కుదుర్చుకునేటప్పుడే దాన్ని కలిపి అడగాలి.