సెల్లార్ ఊట నీళ్లు ఎటు పంపితే మేలు: డ్రైనేజీకా, పెరట్లోకా, ఇంకుడు గుంతకా?

సంపు అనగానే మనలో చాలామందికి నీళ్లు నిల్వ చేసుకునే తొట్టి గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. సెల్లార్ ఉన్న ఇళ్లలో పునాది చుట్టూ ఊరే నీళ్లు ఒకచోట చేరేలా నేలలో గుంత తీసి, అందులో చిన్న మోటారు పెడతారు. దాన్ని కూడా సంపు అనే అంటారు. గుంతలో నీళ్లు పెరిగితే ఫ్లోట్ తేలుతుంది, స్విచ్ పడుతుంది, మోటారు ఆ నీళ్లను బయటికి తోసేస్తుంది. బయటికంటే ఎక్కడికి? చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. నేనూ వేసుకోలేదు.

మా ఇంట్లో ఆ పైపును వాషింగ్ మెషీన్ నీళ్లు పోయే గొట్టంలోకి దూర్చి ఉంచారు. మేం ఇల్లు కొన్నప్పటికే అలా ఉంది. నీళ్లు పోతున్నాయి కదా అని వదిలేశాం. ఒకసారి రెండు రోజులు తెరిపి లేకుండా వాన కురిసింది. రెండో రాత్రి సెల్లార్‌లోకి దిగితే నేల మీది జాలీలోంచి బూడిద రంగు నీళ్లు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి. ఒకటే కంపు. కాసేపు అక్కడే నిలబడి చూశాను. సంపు మోటారు ఆన్ అయినప్పుడల్లా జాలీ దగ్గర మట్టం లేస్తోంది, ఆగగానే రెండు వేళ్లంత దిగుతోంది. వీధి లైను నిండిపోవడంతో మేం తోసే ఊట నీళ్లు పోయే దారి లేక, లైనులోని మురుగును వెంటబెట్టుకుని మా ఇంట్లోకే తిరిగొస్తున్నాయి. ఆ పైపు ఊడబీకి, ఒక హోస్ తగిలించి కిటికీలోంచి బయటికి వేశాకే అది ఆగింది.

డ్రైనేజీలో కలపడం వల్ల సుఖం ఏమీ లేదని అనను. లైను పక్కనే ఉంటుంది, తవ్వే పని లేదు, చలికాలంలో పైపు గడ్డకట్టదు, పెరడు చిత్తడి కాదు. అందుకే ఇంతమంది అలా చేస్తారు. కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. మూడో వంతు హార్స్‌పవర్ మోటారు కూడా మూడు మీటర్ల ఎత్తుకు నిమిషానికి 100 లీటర్లకు పైగా ఎత్తిపోస్తుంది. అది గంటసేపు ఆగకుండా నడిస్తే 6,000 లీటర్లు. మనిషికి రోజుకు 150 లీటర్లు అనుకుంటే, 40 మంది ఒక రోజంతా వాడే నీళ్లు. ఇప్పుడు వీధి లైను సంగతి చూద్దాం. మామూలు కాలనీల్లో వేసే 200 మిల్లీమీటర్ల పైపు, కనీస వాలుతో నిండుగా పారితే నిమిషానికి సుమారు 1,300 లీటర్లు మోస్తుంది. అంటే 13 ఇళ్ల మోటార్లు ఒకేసారి నడిస్తే చాలు, ఒక్క బాత్రూమ్ నీళ్లు కలవకుండానే ఆ పైపు నిండిపోతుంది. ఊట పెరిగేది అందరి ఇళ్లలోనూ ఒకే వానకు కాబట్టి మోటార్లన్నీ నడిచేది కూడా ఆ సమయంలోనే.

నిండిన లైను ఎవరి ఇంట్లో పొంగుతుందో మన చేతిలో ఉండదు. ఎక్కువగా వీధిలో అందరికంటే పల్లంలో ఉన్న ఇంటికే ఆ గతి పడుతుంది. వాళ్లు తమ సంపు నీళ్లు సరైన చోటికే పంపుతున్నా సరే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అక్కడా పొంగకపోతే మ్యాన్‌హోల్ దగ్గర పొంగి, మురుగు రోడ్డు మీదికి, అక్కడి నుంచి వాగులోకి పోతుంది. శుద్ధి కేంద్రం దాకా చేరినా ఇబ్బందే. అక్కడ మురుగును తినేది సూక్ష్మజీవులు. ఒక్కసారిగా వరదలా నీళ్లు వస్తే మడ్డి అడుగుకు దిగాల్సిన తొట్టిలో నీళ్లు తేటపడవు, ఆ జీవులు కూడా నీళ్లతో పాటు కొట్టుకుపోతాయి. పైగా శుభ్రంగా ఉన్న ఊట నీళ్లను మురుగులో కలిపి, మళ్లీ కరెంటు ఖర్చు పెట్టి శుద్ధి చేయడంలో అర్థం లేదు. అందుకే చాలా ఊళ్లలో ఇలా కలపడం నిషేధం. సంపులో రంగు నీళ్లు పోసి, వీధి మ్యాన్‌హోల్‌లో ఆ రంగు కనిపిస్తుందేమో చూసి పట్టుకుంటారు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లకూ ఇదే మాట: ఊట నీళ్లు అందులో పడితే ట్యాంకులో మడ్డి అడుగుకు చేరే వ్యవధి ఉండదు, నీళ్లు ఇంకాల్సిన నేల బురదైపోతుంది.

ఇక మిగిలిన దారులు.

పెరట్లోకి వదలడం అన్నిటికంటే తేలిక, నా ఓటు దీనికే. అయితే పైపు గోడ దాటగానే వదిలేస్తే ప్రయోజనం లేదు. ఆ నీళ్లు పునాది పక్కనే ఇంకి మళ్లీ గుంతలోకే వస్తాయి, మోటారు తోడిన నీళ్లనే తోడుతూ ఉంటుంది. కనీసం మూడు మీటర్ల దూరానికి, నేల ఇంటి నుంచి అవతలికి వాలుగా ఉన్న వైపుకు తీసుకెళ్లాలి. పక్కవాళ్ల గోడ మీదికి, నడిచే బాట మీదికి వదలకూడదు. అక్కడ పాచి పడుతుంది, మంచు పడే చోటైతే గడ్డకట్టి మనుషులు జారిపడతారు. నీళ్లు పడే చోట ఒక రాతి పలక వేస్తే మట్టి కోసుకుపోదు. చలి ఎక్కువ ఉండే చోట పైపులో నీళ్లు నిలవకుండా వాలు ఇవ్వాలి. మూతి గడ్డకట్టినా గోడ దగ్గర పక్కకు కారిపోయేలా చీలికలున్న ఫిట్టింగ్ పెట్టుకుంటే మోటారు కాలిపోదు.

ఇంకుడు గుంత వినడానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది. భూమిలోంచి తీసిన నీళ్లు భూమికే ఇస్తున్నాం. కంకర నింపిన గుంత, చుట్టూ మట్టి చొరబడకుండా వడపోత గుడ్డ, పైన గడ్డి, ఏమీ కనిపించదు. ఇసుక నేలల్లో బాగానే పనిచేస్తుంది. కానీ సంపు మోటారు తెరిపి లేకుండా నడుస్తోందంటేనే భూమి తడిసి ముద్దయి ఉందని అర్థం. సరిగ్గా ఆ రోజే ఇంకుడు గుంతకు మింగే శక్తి ఉండదు. బంకమట్టి నేలైతే మామూలు రోజుల్లోనూ అంతంతమాత్రమే. అందుకే దీన్ని ఒంటరిగా నమ్ముకోవద్దంటాను. నిండితే పైకి పొర్లి పెరట్లోకి పారే దారి ఉంటేనే పెట్టుకోండి. మొక్కలు పెట్టిన పల్లపు మడికి కూడా ఇదే లెక్క. ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతే మంచిది, అంతకు మించి నిలిస్తే దోమలే.

వీధిలో వాననీటి కాలువ విడిగా ఉండి, అందులో కలపడానికి అనుమతి ఇస్తే మాత్రం చిన్న పెరడున్న ఇళ్లకు దాన్ని మించింది లేదు. గడ్డకట్టే బెడద తక్కువ, పక్కింటితో గొడవ ఉండదు. కానీ తవ్వకం, అనుమతి, ఖర్చు ఉంటాయి. కాలువ నిండితే నీళ్లు వెనక్కి రాకుండా వాల్వ్ కూడా కావాలి. ఒక జాగ్రత్త కూడా ఉంది. ఆ కాలువ నీళ్లు చాలాచోట్ల శుద్ధి లేకుండా నేరుగా వాగుకో చెరువుకో పోతాయి. కాబట్టి బట్టలుతికిన నీళ్లు, పెయింట్ బ్రష్ కడిగిన నీళ్లు సంపులో పోయకూడదు. పెరట్లోకి వదిలేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. సంపులో నూనె తెట్టు కనిపిస్తే ఎక్కడికీ తోడకుండా ముందు అధికారులకు చెప్పాలి. కొన్ని పాత నగరాల్లో మురుగుకూ వానకూ ఒకే పైపు ఉంటుంది, అక్కడ ఏది కలపొచ్చో ఊరి కార్యాలయంలో అడగాల్సిందే.

నేను చివరికి పెరడే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: నీళ్లు కళ్ల ముందు పడతాయి. భూమిలో పూడ్చిన పైపు మూసుకుపోతే సెల్లార్ తడిసేదాకా తెలియదు. పెరట్లోని పైపులో ధార సన్నబడితే ఆ రోజే తెలుస్తుంది. మోటారు దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ ఉందో లేదో కూడా చూసుకోండి. అది లేకపోతే మోటారు ఆగిన ప్రతిసారీ పైపులోని నీళ్లు గుంతలోకి జారి, మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంది.

మీ పైపు ఎటు పోతోందో తెలియకపోతే వాన లేని రోజు చూసుకోండి. ఇద్దరుంటే చాలు. ఒకరు బకెట్లతో సంపులో నీళ్లు పోస్తుంటే, మోటారు ఆన్ అయ్యాక రెండోవారు బయట ఇంటి చుట్టూ తిరగాలి. ఎక్కడా ధార కనిపించకపోతే బట్టలుతికే గొట్టం దగ్గర, నేల జాలీ దగ్గర చెవి పెట్టి వినండి. మా ఇంట్లో ఆ గొట్టం లోపల జలజలమన్న చప్పుడు స్పష్టంగా వినిపించేది.