కోపానికి వెల కట్టడమా, మర్యాదకు వదిలేయడమా: ఆటలో ఏది మేలు?

మా అనంతపురంలో ఐస్ అంటే జ్యూస్ బండి మీద గోనెసంచి కప్పి ఉంచే గడ్డ. అలాంటి ఊళ్లో కూర్చుని ఐస్ హాకీ గురించి రాస్తున్నానంటే కారణం మా అన్న కొడుకు. ఉద్యోగానికి బోస్టన్ వెళ్లి, అక్కడి బ్రూయిన్స్ జట్టుకు వీరాభిమాని అయ్యాడు. 2024 మే నెలలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "చిన్నాయనా, వాడు ఆటగాడు కాదు, రౌడీ" అన్నాడు.

వాడంటే ఫ్లోరిడా పాంథర్స్ ఆటగాడు శామ్ బెన్నెట్. ప్లేఆఫ్స్, అంటే లీగ్ చివర కప్పు కోసం ఆడే పోటీల్లో, ఒక మ్యాచ్‌లో బోస్టన్ కెప్టెన్ బ్రాడ్ మార్షాండ్ తలకు బెన్నెట్ చెయ్యి గట్టిగా తగిలింది. కావాలనే గుద్దాడని బోస్టన్ వాళ్లు, ఢీకొన్నప్పుడు తగిలిందని ఫ్లోరిడా వాళ్లు. మార్షాండ్ తర్వాతి రెండు మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. లీగ్ మాత్రం బెన్నెట్‌ మీద ఏ నిషేధమూ వేయలేదు.

మావాడి బాధ నాకు అర్థమైంది. కానీ ఈ మార్షాండ్ ఎవరు? తన కెరీర్‌లో ఎనిమిది సార్లు సస్పెండ్ అయినవాడు. 2018 ప్లేఆఫ్స్‌లో ఎదుటి జట్టు ఆటగాడి ముఖం నాకితే, ఇంకోసారి ఆ పని చేయొద్దని లీగ్ చెప్పాల్సి వచ్చింది. "మరి మీవాడి సంగతేంది నాయనా?" అని అడిగాను. "అది కసి చిన్నాయనా. గెలవాలన్న కసి" అన్నాడు.

2025 మార్చిలో బోస్టన్ ఆ మార్షాండ్‌ను ఫ్లోరిడాకే ఇచ్చేసింది. జూన్‌లో మార్షాండ్, బెన్నెట్ ఒకే జట్టులో, ఆ లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ ఎత్తారు. ప్లేఆఫ్స్ మొత్తానికి ఉత్తమ ఆటగాడి ట్రోఫీ బెన్నెట్‌కే వచ్చింది. కొట్టినవాడూ దెబ్బ తిన్నవాడూ భుజాల మీద చేతులు వేసుకుని ఫొటో దిగారు. మావాడు మాత్రం ఇప్పటికీ బెన్నెట్ పేరెత్తితే మండిపడతాడు.

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. రోషం లేనివాడు చివరి నిమిషం దాకా పరుగెత్తలేడు, కాబట్టి ఆటలో కోపం రాక తప్పదు. దాన్ని ఏం చేయాలి? ఐస్ హాకీలో లాగా బయటికి రానిచ్చి వెల వసూలు చేయడం మేలా, క్రికెట్‌లో లాగా పెద్దమనుషుల ఆట అని చెప్పి మర్యాదకు వదిలేయడం మేలా? మా పిల్లలు ఆడే మామూలు హాకీది ఇంకో దారి.

ముందు ఐస్ హాకీ. ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇద్దరు గ్లోవ్స్ విసిరేసి కలబడితే రెఫరీలు వెంటనే విడదీయరు. ఒకడు కింద పడేదాకానో, ఇద్దరూ అలిసేదాకానో పక్కనే నిలబడి చూస్తారు. ఆ తర్వాత ఇద్దరికీ చెరి ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్స్, అంటే రింక్ అనే ఆ మంచు మైదానం పక్కన శిక్ష పడ్డవాళ్లు కూర్చునే చోటు. ముందు కయ్యానికి దిగింది ఫలానావాడే అని తేలితే వాడికి శిక్ష ఇంకా పెరుగుతుంది. స్టిక్ అడ్డం పెట్టి కాలు తట్టడం లాంటి చిన్న తప్పుకు రెండు నిమిషాలు. అంతసేపూ వాడి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఆ రెండు నిమిషాల్లో ఎదుటి జట్టు గోల్ కొడితే శిక్ష అక్కడితో తీరిపోతుంది, వాడు బయటికి రావచ్చు. ఐదు నిమిషాల శిక్షకు ఆ సడలింపు లేదు.

ఆ బాక్స్‌ను ఒకసారి టీవీలో దగ్గరగా చూపించారు. హెల్మెట్ కింద నుంచి చెమట కారుతోంది, మూతి పక్కన రక్తం ఎండుతోంది. ఆ ఆటగాడి చూపు ఒకసారి గడియారం మీద, ఒకసారి రింక్ మీద. బయట అతని జట్టు నలుగురితో ఐదుగురిని ఆపుతూ అల్లాడిపోతోంది. తన తప్పుకు తోటివాళ్లు పడే కష్టాన్ని అద్దం వెనక కూర్చుని చూడాల్సిందే. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోచ్ తిట్లలో ఉంటుంది?

ఇంకొకటి, నాకు ఎంతో ఇష్టమైనది. ప్లేఆఫ్స్‌లో ఒక్కో సిరీస్ ఏడు మ్యాచ్‌ల దాకా సాగుతుంది. అది ముగిసిన క్షణంలోనే రెండు జట్లూ మంచు మీద వరుస కట్టి, ఒక్కొక్కరూ ఎదురుగా వచ్చినవాడికి చెయ్యి కలుపుతారు. రెండు వారాలు ఒకరినొకరు గోడకేసి కొట్టుకున్నవాళ్లు ఆ వరుసలో ఆగి ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటారు. 2008లో న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు శాన్ ఏవరీ, ఆటను వదిలేసి ఎదుటి జట్టు గోల్‌కీపర్ మార్టిన్ బ్రొడూర్ ముఖం మీదికి తిరిగి నిలబడి, కళ్లకు అడ్డంగా స్టిక్ ఊపాడు. అది తప్పని అప్పటికి రూల్ బుక్‌లో రాసి లేదు. మరుసటి రోజే లీగ్ దాన్ని తప్పుల్లో చేర్చింది. సిరీస్ అయిపోయాక బ్రొడూర్ వరుసలో అందరికీ చెయ్యి ఇచ్చి, ఏవరీని మాత్రం దాటి వెళ్లిపోయాడు. ఒక్క చెయ్యి కలపకపోవడం ఇన్నేళ్లు గుర్తుండిపోయిందంటే, కలిపే చేతులకు అక్కడ ఎంత విలువ ఉందో చూడండి.

అయితే కొట్లాటను ఆటలో భాగం అనుకుంటే ఏమవుతుందో కూడా అక్కడే కనబడుతుంది. 2004 ఫిబ్రవరిలో వాంకూవర్ కెప్టెన్ నాస్లండ్‌ను కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్ ఢీకొట్టాడు. ప్రతీకారం తప్పదన్న మాటలు అప్పటినుంచే నడిచాయి. మార్చి 8న వాంకూవర్‌కు చెందిన టాడ్ బెర్టూజీ వెనక నుంచి వచ్చి మూర్‌ను గుద్ది మంచు మీద పడేశాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి. ఆ లీగ్‌లో అతను మళ్లీ ఆడలేదు. మా లెక్క మేమే తేల్చుకుంటాం అనే పద్ధతి ఎక్కడికి తీసుకుపోతుందో రాయలసీమలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అంతర్జాతీయ ఐస్ హాకీ నియమాలు కొట్లాడినవాణ్ని మ్యాచ్ నుంచే పంపేస్తాయి. నాకు అదే న్యాయంగా తోస్తుంది.

ఇక క్రికెట్. ఇక్కడ బాక్స్ లేదు, జరిమానా ఉంది. 2023 మే 1న లక్నోలో ఐపీఎల్ మ్యాచ్ అయ్యాక కోహ్లీ, అవతలి జట్టు మెంటార్ గంభీర్ మాటా మాటా అనుకుంటే ఇద్దరికీ మ్యాచ్ ఫీజు మొత్తం కోత పడింది. జట్టుకు ఒక్క పరుగు నష్టం లేదు. బెంగళూరు దగ్గర కాబట్టి మా వీధిలో సగం మంది ఆర్‌సీబీ వాళ్లే. వాళ్ల దృష్టిలో ఆ రోజు కోహ్లీది అగ్గి, గంభీర్‌ది అసూయ. ఏడాది తిరిగాక గంభీర్ భారత జట్టు కోచ్ అయ్యేసరికి అదే నోళ్లు "క్రమశిక్షణ గల మనిషప్పా" అన్నాయి. గంభీర్‌లో మార్పేమీ లేదు, చొక్కా రంగు మారింది. లక్నోలో అదే రోజు కోహ్లీతో గొడవపడిన అఫ్గాన్ ఆటగాడు నవీన్ ఉల్ హక్‌ను అక్టోబర్‌లో ప్రపంచ కప్ మ్యాచ్‌లో ఢిల్లీ జనం గేలి చేస్తుంటే, ఆపమని సైగ చేసింది కోహ్లీయే. తర్వాత ఇద్దరూ కౌగిలించుకున్నారు. ఆటగాళ్లు ముగించేసిన గొడవను మనం మోస్తూ తిరుగుతున్నాం.

మర్యాదకు వదిలేస్తే గొప్ప రోజులు కూడా వస్తాయి, కాదనను. 1980లో బొంబాయి టెస్టులో అంపైర్ అవుట్ ఇచ్చిన బాబ్ టేలర్‌ను మన కెప్టెన్ విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ భాగస్వామ్యం నిలబడింది, మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఆ పిలుపు తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె నిండుతుంది. కానీ అది ఒక మనిషి గొప్పతనం. ఆ మనిషి లేని రోజున ఏం చేయాలి? 2019లో అశ్విన్, బంతి వేయకముందే క్రీజు దాటిన బట్లర్‌ను రనౌట్ చేశాడు. చట్టం ఒప్పుకున్నా, స్పిరిట్ ఒప్పుకోదని ప్రపంచమంతా తగువులాడింది. ఆ స్పిరిట్ ఏమిటో మాత్రం ఎవరి జెండాను బట్టి వాళ్లు చెప్పారు. చివరికి 2022లో, క్రికెట్ చట్టాలు రాసే ఎమ్‌సీసీ ఆ రనౌట్‌ను అన్యాయపు ఆట అనే నియమం కింద నుంచి తీసి, మామూలు రనౌట్ నియమంలో చేర్చింది. అదే ఏడాది అశ్విన్, బట్లర్ రాజస్థాన్ జట్టులో కలిసి ఆడారు. రాసిపెట్టని మర్యాదకు ఇదే చిక్కు. మనవాడు చేస్తే పౌరుషం, అవతలివాడు చేస్తే పొగరు.

ఈ మాట అనే హక్కు నాకు ఎంతుందో ఒక ఆదివారం తెలిసింది.

అనంతపురానికి హాకీ కొత్త కాదు. ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ పుణ్యమా అని పల్లెల ఆడపిల్లలు కూడా స్టిక్ పట్టారు. మా అబ్బాయి ఏడో తరగతి నుంచి ఆడుతున్నాడు. ఆ రోజు టౌన్‌లో చిన్న టోర్నమెంట్ ఫైనల్. మొదటి సగంలో ఎదుటి జట్టు పిల్లవాడు వెనక నుంచి వచ్చి మావాడి స్టిక్ మీద కొట్టాడు, దెబ్బ వేళ్లకూ తగిలింది. నేను కుర్చీలోంచి లేచి, "కార్డ్ చూపించండి సార్!" అని అరిచాను. అంపైర్ గ్రీన్ కార్డ్ తీశాడు. రెండు నిమిషాలు బయట.

రెండో సగంలో మావాడు సరిగ్గా అదే పని చేశాడు. అదే పిల్లవాడికి, అదే చేతికి. అంపైర్ జేబులో చెయ్యి పెట్టేలోపే నా నోట్లోంచి వచ్చిన మాట, "బాల్‌కే తగిలింది సార్!" వేళ్లకు తగలడం నేను నా కళ్లతో చూశాను. అయినా అలా అరిచాను. పక్కన చీర కొంగు తల మీద కప్పుకుని కూర్చున్న ఆ పిల్లవాడి తల్లి నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "ఇందాక మా పిల్లోడిది మాత్రం కనపడిందా అన్నా?"

జవాబు చెప్పలేకపోయాను. అంపైర్ నా అరుపు పట్టించుకోలేదు, గ్రీన్ కార్డే చూపించాడు. మావాడు తల వంచుకుని వెళ్లి గీత బయట కూర్చున్నాడు.

అందుకే మామూలు హాకీ పద్ధతి నాకు బలంగా నచ్చింది. గ్రీన్‌కు రెండు నిమిషాలు, ఎల్లోకు కనీసం ఐదు, రెడ్ అయితే ఇక ఆ మ్యాచ్ లేదు. పిల్లవాడికి ఏది తప్పో, దానికి ఖరీదెంతో ముందే తెలుసు. కోపం వచ్చినా పిడికిలి దాకా పోనివ్వదు. గ్యాలరీలో ఉన్న నాలాంటివాళ్ల న్యాయంతో దానికి పని లేదు. ఆ న్యాయం ఎంత వంకరగా ఉంటుందో పారిస్ ఒలింపిక్స్‌లోనూ చూశాం. 2024 ఆగస్టు 4న బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్, 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్ స్టిక్ ఎదుటివాడి ముఖానికి తగిలి రెడ్ కార్డ్ పడింది. మనవాళ్లు పదిమందితోనే మిగతా ఆటంతా నిలబడి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. జర్మనీతో సెమీస్‌లో రోహిదాస్ లేడు, 3-2తో ఓడిపోయాం. అతను కావాలని కొట్టలేదనే ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఒక బ్రిటన్ స్టిక్ మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ ముఖానికి తగిలి ఉంటే, రెడ్ తప్ప ఇంకేదానికైనా నేను ఒప్పుకునేవాణ్నా? ఒప్పుకునేవాణ్ని కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. కోపానికి కట్టడి వేయడానికి కార్డులూ పెనాల్టీ బాక్సే మేలు, ఎందుకంటే ఆ నష్టం జట్టు మొత్తానికీ తగులుతుంది. క్రికెట్ జరిమానా పెద్ద ఆటగాళ్లకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గ్లోవ్స్ విసిరి కొట్టుకోవడం నాకు వద్దు, మూర్ మెడ గుర్తొస్తుంది. కానీ సిరీస్ చివర ఆ వరుస ఉంది చూశారా, దాన్ని మాత్రం మంచు దేశం నుంచి అరువు తెచ్చుకుని మన ప్రతి స్కూల్ మ్యాచ్ చివరా పెట్టాలి. మొక్కుబడిగా అరచేతులు తట్టి పరుగెత్తడం కాదు, ఆగి, ముఖం చూసి చెయ్యి కలపాలి. వీలైతే గీత బయట ఉన్న తల్లిదండ్రులం కూడా.

ఆ రోజు ఫైనల్ అయ్యాక పిల్లలు చేతులు కలుపుతుంటే ఆ పిల్లవాడు కుడి చెయ్యి ఇవ్వలేకపోయాడు, మధ్యవేలు వాచింది. ఎడమ చెయ్యి ఇచ్చాడు. మావాడు ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను ఆమె దగ్గరికి వెళ్లి, "తగిలిందమ్మా. నేను చూసినా" అన్నాను. ఆమె ఆ మాట వదిలేసి, "ఐస్ ఎక్కడన్నా దొరుకుతుందా అన్నా, వాపు ఎక్కువయ్యేట్టుంది" అంది. గేటు బయట జ్యూస్ బండి ఉంది. మావాణ్ని వెంటబెట్టుకుని పోయి, గోనెసంచి కింద నుంచి ఒక గడ్డ పగలగొట్టించి, రుమాల్లో మూటగట్టి తెచ్చాం. ఆ పిల్లవాడి వేలు మీద దాన్ని కరిగేదాకా మావాడే పట్టుకుని కూర్చున్నాడు.